ఇంగ్లీషు అంటే తల వంచుకునే పిల్లలకు ఇంగ్లీషు నేర్పడం: మెట్టు మెట్టుగా ఒక మార్గదర్శి

తిరుపతిలో నేను పాఠం చెప్పిన తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. వాళ్ల నాన్న రైల్వే స్టేషను దగ్గర ఆటో నడిపేవాడు. సాయంత్రాలు నాన్నతో పాటు స్టాండులో ఉండే ఆ పిల్లవాడు చెన్నై నుంచి వచ్చిన యాత్రికులతో తమిళంలో బేరం మాట్లాడేవాడు, ఉత్తరాది వాళ్లకు హిందీలో అలిపిరి దారి చెప్పేవాడు, బెంగళూరు వాళ్లు దిగితే కన్నడంలో పలకరించేవాడు. అదే పిల్లవాడు ఇంగ్లీషు పీరియడులో చదివే వంతు తన బెంచీ దగ్గరికి వచ్చేసరికి దాహం వేస్తోందని బయటికి వెళ్లిపోయేవాడు. ఒకరోజు ఆపి అడిగితే, "నాకు భాషలు రావు సార్" అన్నాడు.

ఆ మాట నన్ను చాలా కాలం వెంటాడింది. ఆటోస్టాండు అతడికి మూడు భాషలు నేర్పింది. అక్కడ మాట్లాడవలసిన అవసరం ఉంది, తప్పు మాట్లాడితే నవ్వేవాళ్లు లేరు, చెప్పింది ఎదుటివారికి అర్థమైందో లేదో వెంటనే తెలిసిపోతుంది. ఈ మూడింటిలో ఒక్కటి కూడా నా తరగతిలో లేదు. ఇంగ్లీషు మీద ఆసక్తి లేదని, మొండివాళ్లని మనం పేరు పెట్టే పిల్లల విషయంలో నేను ఆ తరువాత చేసిన పనంతా ఈ మూడింటినీ తరగతిలోకి తేవడానికే. జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో ఆరు నుంచి పది వరకు పాఠాలు చెప్పే తోటి ఉపాధ్యాయులకు పనికివస్తుందని ఆ క్రమాన్ని ఇక్కడ రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఎక్కడ ఆగిపోయారో కనిపెట్టండి

పుత్తూరు కట్టు గురించి మన ప్రాంతంలో తెలియనివారు లేరు. కట్టు కట్టే ముందు వాళ్లు చేత్తో తడిమి ఎముక ఎక్కడ విరిగిందో చూసుకుంటారు. మనం మాత్రం తడిమి చూడకుండానే తరగతి మొత్తానికీ ఒకే కట్టు కడుతున్నాం. ఎనిమిదో తరగతి పాఠ్యపుస్తకం చేతిలో ఉన్న పిల్లవాడు ఇంగ్లీషు చదువులో ఎనిమిదో తరగతిలో ఉన్నాడని అనుకోవడానికి వీల్లేదు.

జూన్‌లో బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో ప్రతి పిల్లవాడినీ పక్కన కూర్చోబెట్టుకుని అయిదు నిమిషాలు చూడండి. నలభై అయిదు మంది ఉంటే మొత్తం నాలుగు గంటల లోపే అవుతుంది. మిగతావారికి బొమ్మ గీసి పేర్లు రాసే పని ఇస్తే రోజుకు నలుగురైదుగురిని చూడవచ్చు. ముందుగా అక్షరాలను వరుస తప్పించి చూపి వాటి శబ్దాలు అడగండి. తరువాత పెన్, బస్, క్యాట్ వంటి మూడక్షరాల మాటలు చదివించండి. అది వస్తే మూడో తరగతి పుస్తకంలోని నాలుగు వాక్యాలు, అదీ వస్తే అయిదో తరగతి పేరా ఇవ్వండి. పుస్తకం పక్కన పెట్టి, "ఓపెన్ ది డోర్", "గివ్ మీ యువర్ పెన్" వంటి అయిదు మాటలు చెప్పి చేస్తాడో లేదో చూడండి. చివరగా ఒక తెలుగు పేరా కూడా చదివించండి. ఈ చివరి పనిని చాలామంది వదిలేస్తారు, కాని దానిని మించిన పరీక్ష లేదని నా అనుభవం. తెలుగు కూడా కూడబలుక్కుంటూ చదివే పిల్లవాడి ఇబ్బంది ఇంగ్లీషుది కాదు. అతడికి చదవడమే ఇంకా పట్టుబడలేదు, కాబట్టి తెలుగు ఉపాధ్యాయుడితో కలిసి రెండింటినీ ఒకేసారి సరిదిద్దాలి.

ఇంట్లో ఏ భాష మాట్లాడతారో కూడా అడిగి రాసుకోండి. నగరి, సత్యవేడు వైపు చాలా ఇళ్లలో తమిళం, కుప్పంలో తమిళమూ కన్నడమూ, పట్టణాల్లో ఎన్నో ఇళ్లలో ఉర్దూ మాట్లాడతారు. అటువంటి పిల్లలకు తెలుగే రెండో భాష. మనం తెలుగులో అర్థం చెప్పి వివరించామని అనుకుంటాం గాని, ఆ పిల్లలు ఇంకో గుమ్మం దాటి లోపలికి రావాలి. వెనుక బెంచీ నుంచి బోర్డు కనిపిస్తోందో లేదో అడగడం మరిచిపోవద్దు. రెండేళ్లపాటు బద్ధకస్తుడనిపించుకున్న పిల్లవాడికి కావలసింది కళ్లద్దాలేనని తేలిన సందర్భం నాకు ఎదురైంది. ఆ రెండేళ్లలో అతడిని ఎన్నిసార్లు నిలబెట్టానో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది.

ఈ పరిశీలన ముగిసేసరికి నాలుగు రకాల పిల్లలు కనిపిస్తారు. కొందరికి అక్షరాలు కలిపి చదవడం రాదు. కొందరు గడగడా చదువుతారు గాని ఒక్క మాటకూ అర్థం తెలియదు. కొందరికి వస్తుంది గాని నోరు తెరవరు. వచ్చి కూడా విసుగుతో అల్లరి చేసేవారు ఇద్దరో ముగ్గురో ఉంటారు. మనం ఆసక్తి లేనివాళ్లని అంటున్న పిల్లల్లో ఎక్కువమంది మొదటి రకం వారే. చదవడం రాదన్న సంగతి పదిమందిలో బయటపడకుండా కాపాడుకోవడానికే వాళ్లు అల్లరి చేస్తారు, నిద్రపోతారు, నీళ్లకని బయటికి వెళతారు.

రెండో మెట్టు: భయాన్ని బయట పెట్టండి

1960ల చివరిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్, ఆయన సహచరులు కుక్కల మీద చేసిన ప్రయోగాలు ప్రసిద్ధమైనవి. ఏం చేసినా కరెంటు షాకు తప్పదని అనుభవమైన కుక్కలు, ఆ తరువాత తప్పించుకునే దారి ఎదురుగా ఉన్నా ప్రయత్నించకుండా పడి ఉన్నాయి. నేర్చుకున్న నిస్సహాయత అని దానికి పేరు పెట్టారు. మూడో తరగతి నుంచి చేతికి వచ్చిన ప్రతి ఇంగ్లీషు కాగితం మీదా ఎర్ర గీతలే చూసిన పిల్లవాడి పరిస్థితి అంతకంటే భిన్నంగా ఉంటుందని నేను అనుకోను. ప్రయత్నం చేసి ఓడిపోవడం కంటే ప్రయత్నమే చేయకపోవడంలో అతడికి కాస్త గౌరవం మిగులుతుంది.

అందువల్ల మొదటి నెలలో మన నోటి నుంచి రాకూడని మాటలు కొన్ని ఉన్నాయి. మొద్దు, దద్దమ్మ వంటి పేర్లు పెట్టడం, చెల్లెలితోనో పక్క సెక్షనుతోనో పోల్చడం పూర్తిగా మానేయాలి. 2009 నాటి విద్యా హక్కు చట్టం 17వ సెక్షను శారీరక దండనతో పాటు మానసిక వేధింపును కూడా నిషేధించింది. ఆ రెండో భాగాన్ని మనలో చాలామంది గుర్తుంచుకోరు.

రెండో పని, ప్రశ్న అడిగిన తరువాత ఆగడం. మేరీ బడ్ రో అనే విద్యా పరిశోధకురాలు 1970లలో తరగతి గదుల టేపులు విని, ఉపాధ్యాయులు ప్రశ్న వేశాక సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని గమనించారు. ఆ విరామం మూడు సెకన్లకు పెరిగితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, మౌనంగా ఉండిపోయేవారు తగ్గారు. మన పిల్లవాడు ప్రశ్నను తెలుగులోకి తెచ్చుకుని, జవాబు తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషులోకి మార్చుకోవాలి. అతడికి మూడు కూడా చాలవు, మనసులో అయిదు లెక్కపెట్టండి. మొదట్లో ఆ నిశ్శబ్దం మనకే భరించరానిదిగా ఉంటుంది.

ఎవరినీ ఒంటరిగా లేపి అడగవద్దు. ముందు పక్కవాడితో చెప్పుకోనిచ్చి, ఆ తరువాత జంటను అడగండి. మాట్లాడుతుండగా తప్పు దిద్దవద్దు. "హి గో మార్కెట్" అని పిల్లవాడు అంటే, "అవును, హి గోస్ టు ది మార్కెట్. వాట్ డజ్ హి బై?" అని సంభాషణను ముందుకు నడిపించండి. సరైన రూపం అతడి చెవిన పడుతుంది, పరువు పోదు.

మూడో మెట్టు: ఉన్న మాటలతో మొదలుపెట్టండి

నాకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చిన పని ఇదే కనుక కొంచెం వివరంగా చెబుతాను. ఇంగ్లీషు రాదని చెప్పే పిల్లవాడి తెలుగులోనే వందల ఇంగ్లీషు మాటలు ఉన్నాయి. బస్సు, కారు, రోడ్డు, గేటు, పెన్ను, బుక్కు, టికెట్టు, లైటు, ఫ్యాను, స్విచ్చి, ప్లగ్గు, చార్జరు, టైరు, బ్రేకు, వికెట్టు, ఫోరు, సిక్సు. పిల్లలను నలుగురేసి జట్లుగా కూర్చోబెట్టి, ఇంట్లో, దారిలో, బస్‌స్టాండులో, క్రికెట్టులో వాడే ఇంగ్లీషు మాటలను తెలుగు లిపిలోనే రాయమనండి. ఇరవై నిమిషాల్లో బోర్డు నిండిపోతుంది. నేను మొదటిసారి చేయించినప్పుడు రెండు వందలు దాటాక రాయడానికి చోటు లేక ఆపేశాం. మెకానిక్ షెడ్డుకు వెళ్లి వచ్చే ఒక వెనుక బెంచీ పిల్లవాడు ఒక్కడే ముప్ఫై మాటలు చెప్పాడు. క్లచ్చి, గేరు, పిస్టను, బేరింగు, నట్టు, బోల్టు అని అతడు వరుసగా చెబుతుంటే తరగతి మొత్తం వెనక్కి తిరిగి చూసింది.

మరునాడు ఆ జాబితాలో ఏదైనా పోలిక కనిపిస్తోందా అని అడగండి. తెలుగు మాట సాధారణంగా అచ్చుతో ముగుస్తుంది కనుక మనం దాదాపు ప్రతి ఇంగ్లీషు మాటకూ చివర ఒక "ఉ", స్విచ్చి, క్లచ్చి వంటి వాటికి "ఇ" తగిలించామని పిల్లలే కనిపెడతారు. ఇప్పుడు ఆ తోక తీసేయమనండి. బస్సు బస్ అవుతుంది, రోడ్డు రోడ్ అవుతుంది, గేటు గేట్ అవుతుంది. తరగతి అంతా కలిసి పెద్దగా పలుకుతూ తోకలు కత్తిరించడం పిల్లలకు ఎంతో ఇష్టమైన ఆట. దాంతోపాటు ఒక ఉచ్చారణ సూత్రాన్ని వాళ్లంతట వాళ్లే తయారుచేసుకున్నట్టు అవుతుంది. ఆ తరువాతే ఆ మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాసి చూపండి.

ఒక జాగ్రత్త అవసరం. కొన్ని మాటలకు మన దగ్గర అర్థం మారింది. మనకు హోటలంటే భోజనం చేసే చోటు, ఇంగ్లీషులో బస చేసే చోటు. కరెంటంటే మనకు విద్యుత్తు, ఇంగ్లీషులో దానికి ప్రవాహమనీ, ప్రస్తుతమనీ కూడా అర్థాలున్నాయి. ఇటువంటి వాటికి వేరే పట్టిక పెట్టి, కొత్తది దొరికినప్పుడల్లా పిల్లలే చేర్చేలా గోడకు అంటించండి.

నాలుగో మెట్టు: కలిపి చదవడం నేర్పండి

తెలుగులో "క" అనే అక్షరం పేరూ శబ్దమూ ఒకటే. ఇంగ్లీషులో అలా కాదు. సీ, ఏ, టీ కలిపితే క్యాట్ ఎలా అయిందని అడిగే పిల్లవాడు తర్కబద్ధంగానే అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా బట్టీ పట్టించడం వల్లనే స్పెల్లింగు అంటే జీవితాంతం ఉండే భయం పుడుతుంది.

కాబట్టి అక్షరం పేరును కొంతకాలం పక్కన పెట్టి శబ్దంతో మొదలుపెట్టండి. ఎస్, ఏ, టీ, పీ, ఐ, ఎన్ అనే ఆరు అక్షరాల శబ్దాలు నేర్పితే పిన్, టిన్, ట్యాప్, ప్యాన్, స్యాట్, స్నాప్ వంటి మాటలు వారంలోనే చదవగలుగుతారు. రోజుకు పది నిమిషాలు చాలు, కాని ఒక్క రోజు కూడా తప్పకూడదు. ఆరు వారాల్లో చిన్న మాటలు పూర్తవుతాయి. తరువాత ఎస్-హెచ్, సి-హెచ్, టి-హెచ్ జంటలు, ఆపైన చివర "ఇ" వచ్చినప్పుడు ముందున్న అచ్చు ఎలా మారుతుందో, అంటే టిన్ అనేది టైన్ లాగా, ప్యాన్ అనేది పేన్ లాగా ఎందుకు మారుతుందో చూపించండి. సూత్రానికి లొంగని మాటలు కొన్ని ఉంటాయని దాచకుండా చెప్పి, వాటిని వారానికి అయిదు చొప్పున కంటితో గుర్తుపట్టడం నేర్పండి.

పదమూడేళ్ల పిల్లవాడికి ఒకటో తరగతి బొమ్మల పుస్తకం ఇస్తే ఆ రోజుతో అతడు మనకు దూరమవుతాడు. అదే పాఠాన్ని బిస్కెట్ పొట్లాల మీద, బస్సు బోర్డుల మీద, క్రికెట్ ఆటగాళ్ల పేర్ల మీద, దుకాణాల నామఫలకాల మీద నేర్పవచ్చు. తిరుపతి వీధుల్లో తెలుగు, తమిళం, హిందీ, ఇంగ్లీషు ఒకే బోర్డు మీద పక్కపక్కనే కనిపిస్తాయి. అంతకంటే మంచి వాచకం ఏ ప్రచురణకర్తా ఇవ్వలేడు.

అయిదో మెట్టు: వాక్యాన్ని నిలబెట్టండి

మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, ఇంగ్లీషులో మధ్యలో ఉంటుంది. దీనిని వ్యాకరణ పరిభాషలో కాకుండా మనుషులతో చూపించండి. ముగ్గురు పిల్లల చేతికి "నేను", "మామిడిపండు", "తింటాను" అనే అట్టలు ఇచ్చి వరుసగా నిలబెట్టండి. ఇప్పుడు అట్టల వెనుకవైపు ఇంగ్లీషు మాటలు తిప్పి, మూడో పిల్లవాడిని మధ్యలోకి నడిపించండి. క్రియ నడిచి వెళ్లి మధ్యలో నిలబడటం కళ్లతో చూసిన పిల్లవాడు ఆ సంగతి మరిచిపోడు. "ఆయన డాక్టరు" అన్నప్పుడు తెలుగులో క్రియ అవసరం లేదు, ఇంగ్లీషులో "ఈజ్" అనే పిల్లవాడు వచ్చి మధ్యలో నిలబడాలి. మన పిల్లలు "హి డాక్టర్" అనడానికి కారణం అజ్ఞానం కాదు, అది తెలుగు వాక్యమే.

ఏడాది మొత్తానికి పన్నెండు వాక్యపు మూసలు చాలు. ఐ వాంట్, ఐ హ్యావ్, దేర్ ఈజ్, కెన్ ఐ, వేర్ ఈజ్, డు యు లైక్ వంటివి ఎంచుకుని, ఒక్కొక్క మూసలో మూడో మెట్టులోని మాటలను పోయించండి. పని ఏమిటో తెలుగులో చెప్పడానికి జంకవద్దు. చేయవలసిన పని ఇంగ్లీషులో ఉంటే చాలు.

ఆరో మెట్టు: అవసరం పుట్టించండి

"మాకేంటికి సార్ ఇంగ్లీషు? మా నాయనకు తోట ఉంది" అని పలమనేరు వైపు పిల్లవాడు అడిగితే, ఉద్యోగం వస్తుందనీ, విదేశాలకు వెళ్లవచ్చనీ చెప్పే జవాబు అతడికి అంటదు. పదేళ్ల తరువాతి ఉద్యోగం కంటే ఈ పీరియడులో తేల్చవలసిన చిక్కుముడి ఎక్కువ పని చేస్తుంది. 1979 నుంచి 1984 వరకు ఎన్.ఎస్. ప్రభు అనే ఇంగ్లీషు బోధన నిపుణుడు బెంగళూరులోనూ, దక్షిణాదిలో మరికొన్ని పాఠశాలల్లోనూ నడిపిన ప్రయోగం ప్రపంచమంతటా భాషా బోధనలో చర్చకు వచ్చింది. వ్యాకరణ పాఠాల వరుసను పక్కన పెట్టి, రైళ్ల వేళల పట్టికలు, పటాలు, లెక్కల వంటి వాటితో ఇంగ్లీషులో తేల్చవలసిన సమస్యలు ఇచ్చారు. పిల్లల ధ్యాస సమస్య మీద ఉండగా భాష దానంతట అది పట్టుబడుతుందని ఆయన వాదన. ఇటువంటి పాఠానికి రెండు భాగాలుంటాయి. మొదట ఉపాధ్యాయుడు తరగతి అంతటితో కలిసి ఒక సమస్యను పరిష్కరిస్తాడు, తరువాత అటువంటిదే ఇంకొకటి పిల్లలు సొంతంగా చేస్తారు.

నేను ఇలా చేస్తాను. రేణిగుంట జంక్షను నుంచి బయలుదేరే నాలుగు రైళ్ల వేళలు, అవి గూడూరు చేరే వేళలు ఇంగ్లీషులో బోర్డు మీద రాస్తాను. ఉదయం పది గంటలకు గూడూరులో పెళ్లి ఉంది, స్టేషను నుంచి మండపానికి అరగంట పడుతుంది, అవ్వకు తెల్లవారుజామున ప్రయాణం పడదు. "విచ్ ట్రైన్?" అని అడిగి ఆగుతాను. "సెకండ్ ట్రైన్" అని ఎవరో అంటారు. "వై నాట్ ది థర్డ్?" అంటే "లేట్ సార్" అని వెనుక నుంచి వినిపిస్తుంది. ఆ "లేట్" అనే ఒక్క మాట ఆలోచించి, వాదించి చెప్పిన మాట. నేను దానిని "ఎస్, ఇట్ ఈజ్ లేట్" అని పూర్తి చేస్తాను. తరువాత పెళ్లి స్థలాన్నీ వేళలనూ మార్చి జంటలకు ఇస్తాను.

రైతు కుటుంబాల పిల్లలకు పురుగుమందు డబ్బా మీది చీటీ మంచి పాఠం. దాని మీది త్రికోణం రంగు విష తీవ్రతను చెబుతుంది. అన్నిటికంటే ప్రమాదకరమైనది ఎరుపు, తరువాత పసుపు, నీలం, ఆకుపచ్చ. పాయిజన్, డేంజర్, కాషన్ అనే మాటలు, కొలతలు, వాడకూడని సందర్భాలు ఇంట్లో అమ్మానాన్నలకు చదివి వినిపించమని పంపండి. డబ్బాను తాకకుండా, చీటీని ఫోటో తీసుకుని మాత్రమే చదవాలని గట్టిగా చెప్పండి. బడిలో చదవడం రాదనిపించుకున్న పిల్లవాడికి ఇంట్లో అదొక హోదా తెచ్చిపెడుతుంది.

ఏడో మెట్టు: తరగతిని ఆపే పిల్లలతో

అల్లరి మొదలైన నిమిషాన్ని రాసుకోండి. వారం తరువాత చూస్తే ఎక్కువసార్లు అది పైకి చదివే వేళకో, నోటుబుక్కు తీసే వేళకో వస్తోందని తేలుతుంది. అప్పుడు మందలింపు కంటే ఆ పనిని మార్చడమే మందు. మందలించక తప్పనప్పుడు పదిమందిలో కాకుండా, బడి విడిచాక గేటు దాకా పక్కన నడుస్తూ మాట్లాడండి. ఎందుకు చేశావని అడిగితే జవాబు రాదు. ఈ రోజు ఏ పని కష్టంగా అనిపించిందని అడగండి.

నిద్రపోయే పిల్లవాడిని కేకవేసి లేపే ముందు రాత్రి ఏం పని చేశాడో తెలుసుకోండి. విసుగుతో అల్లరి చేసే తెలివైనవారికి జట్టు నాయకత్వం, రైళ్ల పట్టిక వంటి సమస్యలు తయారుచేసే పని అప్పగించండి. నోరు తెరవని ఆడపిల్లలను తరగతి ముందుకు పిలవకుండా, ముందు స్నేహితురాలితో, తరువాత నలుగురిలో, ఆ తరువాతే అందరిలో మాట్లాడనివ్వండి. ఇందుకు ఒక టర్ము మొత్తం పట్టినా తొందరపెట్టవద్దు.

తోతాపురి మామిడి కోతలు సాగే జూన్, జూలై నెలల్లో తోటలున్న మండలాల్లో హాజరు పడిపోతుంది. ఆ రోజుల్లో కొత్త మెట్టు మొదలుపెట్టకుండా, తిరిగి వచ్చినవారు కలుసుకోగలిగేలా పాత పాఠాలను తిప్పి చెప్పండి. తల్లిదండ్రులకు ఫోను చేసేది పిల్లవాడి మీద ఫిర్యాదుకే అయితే, రెండోసారి వాళ్లు ఫోను ఎత్తరు. మొదటి ఫోను మంచి వార్తతో చేయండి, కూలికి వెళ్లి వచ్చేవాళ్లు కనుక సాయంత్రం ఏడు తరువాత చేయండి.

ఎనిమిదో మెట్టు: కొలత

నేర్పిన మాటలను మరునాడు, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ అడగండి. ఒకే రోజు ఇరవైసార్లు రాయించడం కంటే ఇలా ఎడం ఇచ్చి అడగడమే గుర్తు నిలుపుతుందని జర్మనీ శాస్త్రవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే చూపించాడు. పదో తరగతిలో ఉత్తీర్ణతకు కావలసిన 35 మార్కుల గురించి జనవరి వరకు మాట్లాడకండి. అంతవరకు ప్రతి పిల్లవాడికీ తన పాత లెక్కతోనే పోలిక ఉండాలి. వారానికి ఒకసారి నిమిషంలో ఎన్ని మాటలు తప్పు లేకుండా చదివాడో అతడి పుస్తకం వెనుక అట్ట మీద అతడి చేతే రాయించండి.

డిసెంబరులో మొదటి మెట్టులోని అయిదు నిమిషాల పరీక్షను అవే కాగితాలతో మళ్లీ చేయండి. కదలని పిల్లలు ప్రతి సంవత్సరం కొందరు ఉంటారు. వాళ్లకు అదే పాఠం ఇంకా గట్టిగా చెప్పడం వల్ల లాభం లేదు. ఒక మెట్టు కిందికి దిగి, శబ్దాలు సరిగా పట్టుబడ్డాయో లేదో చూసి, రోజుకు పది నిమిషాలు విడిగా కూర్చోబెట్టండి, వాళ్ల పక్కన ఇటీవలే ఆ మెట్టు దాటిన పిల్లవాడిని కూర్చోబెట్టండి. నా తరగతిలో ఆ పనికి మొదట ముందుకు వచ్చింది ఆటోస్టాండు అబ్బాయే. అప్పటికి అతడు నిమిషానికి నలభై మాటలు చదువుతున్నాడు, దాహం వేస్తోందని బయటికి వెళ్లి నాలుగు వారాలు దాటింది.